భయం చెప్పిన జవాబు

“చెప్పేసినాను” అన్నాడు బాలచంద్ర, ఫోను జేబులో వేసుకుంటూ. “నువ్వు ఇంక పల్లెల మీద తిరగవని లోకేశ్వరి మేడంకు చెప్పేసినాను.”

నాగవేణి పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. ఆమె చేతిలో తెడ్డు ఆగిపోయింది.

“ఎవురు చెప్పమన్నారు?”

“ఒగరు చెప్పాలా? ఆసుపత్రిలో కూసోని చేసే పని ఏమన్నా ఉంటే ఇయ్యమన్నాను. లేదంటే మానేస్తుందని చెప్పినాను.”

“మానేస్తానని నీతో నేనెప్పుడన్నా?”

బాలచంద్ర చొక్కా గుండీలు పెట్టుకుంటూ గోడ వైపు తిరిగాడు. చిత్తూరుకు పోయి దాణా లోడు ఎత్తించుకుని రావాలి. పలమనేరులో అతని అంగడికి పొద్దున్నే వచ్చే పాడి రైతులు రెండు రోజులుగా ఉత్త చేతులతో తిరిగిపోతున్నారు. ఇంటి సంగతి తెమలక అతనే లోడుకు పోలేకపోయాడు.

“మేడం ఏమనింది?”

“నీ నోటితో వినాలంట. సాయంత్రం లోపల ఫోను చెయ్యమనింది. చేసి చెప్పేయి, పీడా పోతాది.”

“నన్ను ఒగ మాట అడిగి ఉంటే ఏమయ్యేది?”

“అడిగేదానికేముండాది వేణీ? బండి బీగంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది నువ్వు. ఇంక ఈ బండి ముట్టను అనింది నువ్వు. నేనేమన్నా పెరుక్కున్న్యానా?”

అతను చెప్పింది నిజమే. అత్త విరిగిన చేతికి పుత్తూరులో కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం, ఎవరూ అడగకుండానే, బండి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. ఇచ్చేటప్పుడు తన చెయ్యి చల్లగా ఉండటం కూడా ఆమెకు గుర్తుంది.

సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. నాగవేణి గిన్నె దించింది.

“ఆ పొద్దు ఇచ్చినాను. ఈ పొద్దు అడుగుతా ఉండాను. యాడ పెట్టినావు?”

“దానికి పనిలేదు” అన్నాడు బాలచంద్ర. అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

పాల బిందె పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయిన మామ చిన్నబ్బ, కొడుకు సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాడు. బిందె కింద పెట్టి, కోడలి మొహం చూశాడు. ఏదో అనబోయి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఎర్రావు ఈ పొద్దు పాలు తక్కువిచ్చినాది” అన్నాడు చివరికి.

“ఇంట్లో అరుపులు దానికీ ఇనపడతా ఉంటాయి మామా” అంది నాగవేణి.

*

నాగవేణి పశువుల ఆసుపత్రిలో డాక్టరు లోకేశ్వరి దగ్గర సహాయకురాలు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట్లో ఏ ఆవు చూడిదో, ఏ దూడకు సూది వెయ్యాలో ఆమెకు నోటికి వచ్చు. ఆ పల్లెలకు బస్సులు లేవు. కొన్నింటికి ఆటో కూడా ఎక్కదు. బండి లేకపోతే ఆ ఉద్యోగం లేదు.

ఆ బండి మీద సంతకు తీసుకుపోతుంటేనే అత్త నాగరత్నమ్మ పడింది. ఇటుక బట్టీ దగ్గర మలుపులో, రోడ్డు మీద ఇసుక. కుక్క ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు వేసేసరికి బండి జారింది. నాగవేణికి మోకాలు గీరుకుపోయింది, అంతే. నాగరత్నమ్మ కుడిచెయ్యి శరీరం కింద నలిగింది.

బట్టీ కూలీలు పరుగెత్తుకొచ్చి లేపుతుంటే నాగరత్నమ్మ అందరి ముందూ ఒక మాట అంది. “నా కోడలు నన్ను సంపేసింది” అంది.

తర్వాత కోడలితో ఇంకొక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వెదురు బద్దలు వేసి కట్టిన కట్టు మోచేతి దాకా ఉంది. దాన్ని పాత చీర పీలికతో మెడకు వేలాడదీసుకుంది. నాగవేణి సంగటి ముద్దను చిన్న చిన్న ఉండలుగా చేసి, చెనక్కాయ పచ్చట్లో అద్ది నోటికి అందించింది. అత్త నోరు తెరిచింది, నమిలింది. చూపు మాత్రం ఎదురుగోడ మీద.

“కారం ఎక్కువైందా అత్తా?”

నాగరత్నమ్మ ఇంకో ముద్దకు నోరు తెరిచింది.

“సాయంత్రం కట్టు మీద నూనె పొయ్యమన్నారు గదా, నేను పోస్తాలే.”

నాగరత్నమ్మ ఎడమచేత్తో నీళ్ళచెంబు దగ్గరికి లాక్కుంది. తాగి, మూతి తుడుచుకుని, పక్కకు ఒత్తిగిలింది.

నాగవేణి ఎంగిలి గిన్నె పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుంది. ఈ మౌనాన్ని రోజూ తన మీద వేసిన నేరంగానే మోస్తోంది. అత్త కడుపు నిండా తిన్న రోజు తను కూడా తినేది. అత్త సగంలో మొహం తిప్పుకున్న రోజు తనకు ముద్ద దిగేది కాదు. ఏ కూర వండాలో, చాకిరేవుకు ఎప్పుడు పోవాలో, పక్కింటివాళ్ళతో ఎంతసేపు నిలబడి మాట్లాడాలో, అన్నీ ఆ మొహం చూసే నిర్ణయించుకుంటోంది. ఉద్యోగం సంగతి కూడా ఆ మొహం చూసే తేల్చుకుందా? ఆ ప్రశ్న ఇన్నాళ్ళకు ఈ పొద్దే వచ్చింది.

*

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా ఫోను మోగింది. దొడ్డిమిట్ట చంద్రకాంతమ్మ. గుట్ట మీద పల్లె, ఆటోలు ఎక్కని దారి.

“వేణమ్మా, మా ఆవు పొద్దున్నించి నెప్పులు పడతా ఉండాదమ్మా. ఉమ్మనీరు పోయి శానా సేపయింది. దూడది ఒగ కాలే కనబడతా ఉండాది. రెండోది రాలేదు. బిన్నా రామ్మా, ఆలిస్యం చెయ్యబాక.”

“డాక్టరమ్మకు చేసినావా అక్కా?”

“చేసినా. ఆయమ్మ కుప్పం తట్టు క్యాంపులో ఉండాదంట. వచ్చేసరికి పొద్దు గుంకుతాదంట. నీకు చెయ్యమనింది.”

“నేను రాలేనక్కా” అంది నాగవేణి.

“అట్లనా అమ్మా” అని, చంద్రకాంతమ్మ ఫోను పెట్టేసింది.

నాగవేణి ఫోను వైపు చూస్తూ నిలబడింది. తను ఆలోచించి చెప్పిన మాట కాదది. ఆవిడ అడగడం పూర్తి కాకముందే నోట్లో సిద్ధంగా ఉంది. దూడ మెడ ఎటు తిరిగి ఉందో అడగలేదు. ఆవు లేచి నిలబడుతోందా, పడుకునే ఉందా అని అడగలేదు. మామూలుగా అయితే మొదట అడిగేవి అవే.

ఆమె వాకిట్లోకి వచ్చింది. కొట్టం పక్కన బండి నిలబెట్టి ఉంది. దుమ్ము పట్టింది. మెకానిక్కు బ్రేకు సరిచేసి పోయాడు. దారి పొడిగా ఉంది. వెలుతురు కావలసినంత ఉంది. దొడ్డిమిట్టకు ఆమె వాన రోజుల్లో కూడా పోయి వచ్చింది. పోకుండా ఉండటానికి కారణం వెతికితే ఒకటే దొరికింది. తన అరచేతులు చెమటలు పట్టి ఉన్నాయి.

చెమటను చీరకు తుడుచుకుని ఫోను తీసింది.

“అక్కా, వస్తా ఉండాను. ఆవును లేపొద్దు, తోక తట్టు గుంజొద్దు. ఎవురన్నా కాలు పట్టుకోని లాగుతామంటే ఒప్పుకోబాక. నీళ్ళు కాచి పెట్టు, సోపు పెట్టు.”

ఆ వెంటనే మొగుడికి చేసింది. అవతల మూటలు ఎత్తే మనుషుల కేకలు.

“బీగంచెవి యాడ పెట్టినావు?”

“దేనికి?”

చెప్పింది. అతను మధ్యలోనే అందుకున్నాడు. “ఇంకెవురన్నా పోతార్లే.”

“ఎవురు పోతారో చెప్పు. వాళ్ళకే ఫోను చేస్తా.”

అతనికి ఎవరి పేరూ తోచలేదు.

“వేణీ, పొద్దున అంతా మాట్లాడుకున్న్యాము గదా. మళ్ళా మొదటికి వస్తావే.”

“పొద్దున మాట్లాడుకున్న్యామా? నువ్వు భయపడినావు, నేను కోపం చేసుకున్న్యాను. మాట్లాడిందేముండాది?”

“అవును, భయమే” అన్నాడు బాలచంద్ర. గొంతు తగ్గింది. కేకలకు దూరంగా నడిచినట్టున్నాడు. “నువ్వు బండెక్కి పోయిన దినమంతా ఫోను మోగితే నాకు గుండె జారతాది. అంగట్లో తూకం వేస్తా వేస్తా ఎంత వేసినానో మర్సిపోతా. నీకేం తెలుసు?”

“నాకెట్ల తెలుస్తాది? ఎప్పుడన్నా చెప్పినావా? కాఫీ తాగినావా, యాడుండావు అని అడుగుతావు. నేను చెప్తా. పెట్టేస్తావు.”

నాగవేణి అక్కడితో ఆగలేదు.

“నీ భయం ఉంటే నాకు చెప్పు, ఇంటా. దాన్ని పెట్టుకోని నా పనికి నువ్వు జవాబు చెప్పేది మాత్రం నాకొద్దు. యాడుండాది బీగంచెవి?”

“అమ్మ దగ్గర పెట్టినాను. ఇస్తే తీసుకో.”

ఇవ్వదని తెలిసే ఆ మాట అన్నాడని ఆమెకు అర్థమైంది.

*

నాగరత్నమ్మ ఇప్పుడు వాకిట్లో నీడపట్టున కూర్చుని ఉంది. కోడలు ఫోనులో మాట్లాడిందంతా విన్నది. విననట్టే ఉంది.

“అత్తా, బండి బీగంచెవి ఇయ్యి.”

కొట్టంలో ఆవు మెడ విదిల్చిన చప్పుడు. అత్త తల అటు తిప్పుకుంది.

“దొడ్డిమిట్టలో చంద్రకాంతమ్మ ఆవు ఈనలేకుండా ఉండాది. దూడ కాలు లోపల మడుచుకోనుండాది. డాక్టరమ్మ వచ్చేలోపల తల్లీబిడ్డా రెండూ పోతాయి. నేను పోవాల.”

నాగరత్నమ్మ ఎడమచెయ్యి కొంగు మీదికి పోయింది. కొంగు చివర ఒక ముడి. తాళంచెవి అందులోనే ఉందని తెలుస్తూనే ఉంది. ఆమె ముడిని గుప్పెట్లో పట్టుకుంది, ఇచ్చేట్టుగా కాదు.

“కింద పడినప్పుడు నేనేమన్నానో నీకు గ్యాపకం ఉండాదా?” అంది.

పడిన తర్వాత ఆమె కోడలితో మాట్లాడిన మొదటి మాట అది.

“ఉండాది” అంది నాగవేణి.

“బట్టీకాడ అందురూ ఇన్నారు.”

“ఇన్నారత్తా.”

“నిన్ను సూసి అనలా నేను. పడి కండ్లు తెరిస్తే రోడ్డు మీద చెప్పు ఒగటి పడుండాది. నాదే. అయితే అప్పుడు నాకు నాది అనిపీలా. లోహిత చెప్పు అట్లనే ఒంటిది తెచ్చి నా చేతికిచ్చిరి గదా. అది సూసినా. ఆ మాట యాణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు.”

లోహిత నాగరత్నమ్మ కూతురు. బాలచంద్రకు చెల్లెలు. మొగుడి బండి వెనక కూర్చుని పుట్టింటికి వస్తూ చిత్తూరు రోడ్డులో లారీ కింద పోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరూ గట్టిగా పలకరు. నాగరత్నమ్మ మళ్ళీ బండెక్కడానికి ఏళ్ళు పట్టింది. ఎక్కింది కోడలిని నమ్మి.

నాగవేణి అత్త ముందు గొంతుక్కూర్చుంది.

“మరి ఆ మాట ముందే చెప్పుంటే అయిపొయ్యేది గదత్తా. ఇన్ని దినాలు నాతో మాట్లాడకుండా ఎందుకుండావు?”

“చెప్తే ఏమవుతాది? నీ మనసు తేలికపడతాది. మళ్ళా బండెక్కుతావు.” నాగరత్నమ్మ తల ఎత్తింది. “నేను నోరు మూసుకోనుంటే ఎక్కవు. అందుకే మూసుకోనుండినా.”

ముద్ద ముద్దకూ ఆ మొహంలోకి చూసుకుంటూ గడిపిన పొద్దులన్నీ ఒక్కసారి నాగవేణి కళ్ళ ముందు తిరిగాయి. స్నానం చేయించింది, జడ వేసింది, చీర కట్టింది. తప్పు చేసినదానిలా తల వంచుకునే చేసింది. తను తల వంచుకుని ఉండటం ఈవిడకు కావలసివచ్చింది.

నోటిదాకా వచ్చిన మాట చాలా పెద్దది. ఒకసారి అంటే మళ్ళీ తీసుకోలేనిది. రోడ్డు మీద అత్త అన్న మాటలాంటిదే.

ఆమె దాన్ని మింగింది.

“దీని గురించి నేను నీతో మాట్లాడాల అత్తా. శానా మాట్లాడాల. ఇప్పుడు గాదు, వచ్చినాక. ఇప్పుడు బీగంచెవి ఇయ్యి.”

“ఇయ్యకపోతే?”

“నడిచి పోతా. నేను పోయేలోపల దూడ సచ్చిపోతాది. అయినా పోతా.”

నాగరత్నమ్మ కోడలి మొహం చూసింది. కోపం ఉందేమోనని వెతికింది. ఉంది. దాని కింద మరేదో కూడా ఉంది. అది కదిలేదిగా కనిపించలేదు.

ఆమె కొంగుముడిని ఎడమచేతి గోళ్ళతో లాగడం మొదలుపెట్టింది. అది కదల్లేదు. పళ్ళతో పట్టుకుని లాగింది. అప్పటికీ రాలేదు.

“నా చేత కాలేదు” అంది. కొంగు ముందుకు జరిపింది. “నువ్వే విప్పుకో.”

నాగవేణి విప్పుకుంది.

బండి బయటికి తోస్తుంటే చిన్నబ్బ కొట్టంలోంచి వచ్చి వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు.

“గాలి తక్కువుండాది. మెయిన్ రోడ్డులో ఎక్కిచ్చుకోని పో. ఇసక యాడన్నా కనబడితే నిదానం చెయ్యి, బ్రేకు మాత్రం వెయ్యబాక” అన్నాడు. భార్య వైపు మాత్రం చూడలేదు.

*

ఇటుక బట్టీ మలుపు వచ్చేసరికి నాగవేణికి నాలుక ఎండిపోయింది.

మలుపుకు ముందే బండి ఆపి కాళ్ళు నేలకు ఆనించింది. ఇసుక అక్కడే ఉంది, ఇంకా ఎక్కువైంది. వెనక్కి తిరిగిపోతే ఎవరూ తప్పు పట్టరు. ఆ ఆలోచన ఎంత మంచిగా, ఎంత న్యాయంగా వచ్చిందంటే, ఒక్క క్షణం అది తెలివి అనే అనిపించింది.

దాన్ని పక్కన పెట్టి రోడ్డు చూసింది. ఎడమ అంచున ఇసుక పలుచగా ఉంది. ఎదురు బండి ఏదీ లేదు. నెమ్మదిగా పోతే ఏమీ కాదు. భయం పోయేదాకా ఆగితే చీకటి పడుతుంది. భయం ఉండగానే పోవాలి.

పోయింది. మలుపు దాటాక చూసుకుంటే, పళ్ళు బిగించినందుకు దవడ నొప్పి పుడుతోంది.

దొడ్డిమిట్టలో చంద్రకాంతమ్మ దారి మొదట్లోనే ఎదురొచ్చింది. ఆవు పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కళ్ళు వాలిపోయాయి. నాగవేణి మోచేతుల దాకా సోపుతో కడుక్కుని, ఫోను చంద్రకాంతమ్మ చేతికి ఇచ్చి స్పీకరు పెట్టించింది.

“మేడం, ఒక కాలు, మూతి దారికి వచ్చినాయి. రెండో కాలు మోకాటికాడ మడుచుకోని లోపలుండాది. నాలుక కదలాడతా ఉండాది. దూడకు పాణముండాది.”

“మంచిది” అంది లోకేశ్వరి అవతల నుంచి. “నెప్పి ఆగినప్పుడు దూడను లోపలికి తొయ్యి. నెప్పి వచ్చినప్పుడు తొయ్యద్దు. గిట్ట నీ అరచేతిలో మూసిపెట్టుకునే ముందుకు తీసుకురా. తల్లికి గీరుకోకూడదు.”

నాగవేణి తోసింది. నొప్పి వచ్చింది. ఆవు బిగబట్టినప్పుడు ఆమె చెయ్యి లోపల నలిగి స్పర్శ పోయింది. ఆగింది. మళ్ళీ తోసింది. గిట్ట వేళ్ళకు తగిలి జారిపోయింది. చంద్రకాంతమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

“ఏడవబాకక్కా. ఫోను పట్టుకో.”

ఇంకోసారి గిట్ట అరచేతిలోకి వచ్చింది. ఈసారి వదల్లేదు. మోకాలు విచ్చుకుని కాలు ముందుకు వచ్చింది. తర్వాత ఆవే చేసుకుంది. రెండు కాళ్ళు, మూతి, భుజాలు, ఆ తర్వాత ఒక్కసారిగా దూడంతా గడ్డి మీదికి జారింది. నాగవేణి దాని ముక్కులో జిగురు తీసి, గడ్డితో ఒళ్ళు రుద్దింది. రుద్దుతూనే ఉంది. దూడ తుమ్మింది.

చంద్రకాంతమ్మ దండం పెట్టబోతే నాగవేణి నెత్తుటి చేతులతోనే ఆమెను ఆపింది. “దూడను తల్లి ముందర పెట్టు. నాకనీ.”

తల ఎత్తి చూస్తే దడి దగ్గర బాలచంద్ర నిలబడి ఉన్నాడు. లోడు బండి గుట్ట కింద ఆపి నడిచి వచ్చినట్టున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

అతను బిందెతో నీళ్ళు తెచ్చి ఆమె చేతుల మీద పోశాడు. మోచేతి దాకా కడుక్కునేదాకా పోస్తూనే ఉన్నాడు.

“బట్టీకాడ ఆగి చూసినా” అన్నాడు. “ఇసకలో నీ బండి గుర్తు నేరుగా పోయిండాది.”

“భయపడినావా?”

“పడినా” అన్నాడు. మొదటిసారి ఆ మాటకు సిగ్గుపడలేదు. “నువ్వో?”

“నేనూ పడినా.”

చంద్రకాంతమ్మ ఫోను తెచ్చి ఇచ్చింది. లోకేశ్వరి ఇంకా లైనులోనే ఉంది.

“నాగవేణీ, మీ ఆయన పొద్దున ఏమేమో చెప్పినాడు. ఇప్పుడు నేను అడగాల్సిన మాటే మారిపోయింది. ఘాటు కింద పల్లెలకు మనిషి లేదు. అవి కూడా నువ్వు చూసుకుంటావా? తిరగడం రెండింతలవుతుంది. ఊఁ అంటే ఈ రోజే పై ఆఫీసుకు రాస్తాను.”

‘సరే’ అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది. గడ్డి మీద తల్లి దూడను నాకుతోంది. ఈ నిమిషంలో ఏ ఘాటైనా, ఎంత దూరమైనా పెద్దదిగా అనిపించడం లేదు.

మధ్యాహ్నం ‘రాలేను’ అన్న మాట కూడా ఇట్లాగే, తను పిలవకుండానే వచ్చింది.

“రేపు పొద్దున చెప్తాను మేడం.”

“ఇంట్లో అడగాలా?”

“ఇంట్లో గూడా మాట్లాడాల. దానికన్నా ముందు నేను నిమ్మళించాల మేడం. ఇప్పుడు మీరు ఏ పని ఇస్తామన్నా సరే అనేస్తాను.”

లోకేశ్వరి నవ్వింది. “రేపు పొద్దున” అని పెట్టేసింది.

బాలచంద్ర బిందె కింద పెట్టాడు. అంతా విన్నాడు.

“పొద్దున దాకా నేనూ ఏం చెప్పనులే” అన్నాడు. “చెప్తే ఇప్పుడు వద్దనే వస్తాది నా నోట.”

*

ముందు అతని లోడు బండి, వెనక ఆమె బండి. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు.

వాకిట్లో చిన్నబ్బ నిలబడి ఉన్నాడు. గడప మీద నాగరత్నమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, ఒంటిచేత్తో కట్టుకుంది గనుక కుచ్చిళ్ళు కిందికి జారి ఉన్నాయి. పక్కన గుడ్డసంచి. అందులోంచి దుప్పటి కొస, నూనెసీసా మూత కనిపిస్తున్నాయి.

“ఆవు?” అంది.

“బాగుండాది అత్తా. పెయ్యదూడ.”

“బతికిపోయింది.” నాగరత్నమ్మ కొడుకు వైపు తిరిగింది. “రేపు పొద్దున నన్ను పుత్తూరు బస్సెక్కించు నాయనా. మా తమ్ముడు మోహన్‌కు ఫోను చేయించినా. చెయ్యి బాగయ్యేదాకా ఆడనే ఉంటా.”

“ఇప్పుడెందుకమ్మా అది?”

“నేను దాన్ని వద్దనలా. ఇంకెప్పుడూ వద్దనను.” ఆమె కోడలిని చూడకుండానే చెప్పింది. “అయితే అది పోయినాక ఈడ కూసున్న్యాను సూడు, ఆ సందు తట్టు సూస్తా. ఊపిరాడలా నాకు. దినదినమూ అట్ల కూసునేది నా వల్ల కాదు. అది పోనీ. నేను సూడకుండా ఉంటా.”

చిన్నబ్బ కోడలి వైపు చూశాడు. బాలచంద్ర కూడా చూశాడు. నాగవేణికి తెలుసు, అందరికీ తెలుసు. ‘నేను మానేస్తాలే అత్తా’ అని తను ఒక్క మాట అంటే, ఆ సంచి లోపలికి పోతుంది. ఘాటు కింద పల్లెల సంగతి ఇంకా ఆవిడకు తెలియనే తెలియదు.

ఆ మాట గొంతులోకి వచ్చింది కూడా. పాపం అనిపించింది. జారిన కుచ్చిళ్ళు చూస్తే ఇంకా పాపం అనిపించింది.

నాగవేణి ఆ మాటను అక్కడే ఆపింది. పోయి అత్త పక్కన, గడప మీదే కూర్చుంది.

“అత్తా, పొద్దున పోవాలనే ఉంటే నేనే బస్సెక్కిస్తా. పుత్తూరు దాకా తోడొస్తా. దానికి ముందు నీకు చెప్పాల్సింది ఒగటుండాది, నిన్ను అడగాల్సింది ఇంకొగటుండాది. లోహిత మాట గూడా మాట్లాడాల. ఈ ఇంట్లో ఎవురూ మాట్లాడరు. తిన్నాక మాట్లాడదాం. అందాకా నువ్వేమీ తేల్చుకోవద్దు, నేనూ తేల్చుకోను.”

ఆ పేరు వినగానే బాలచంద్ర వాకిట్లోనే ఆగిపోయాడు.

నాగరత్నమ్మ కొంచెం పక్కకు జరిగి, కోడలికి గడప మీద ఇంకాస్త చోటిచ్చింది. సంచి మీద పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు.